పుర్రచెయ్యి పనికి రాదా?

కిందటి వేసవిలో నెల్లూరు తీరంలోని ఒక మత్స్యకార గ్రామానికి వెళ్లాను. అక్కడ ఆడపిల్లలకి నడిపిన కుట్టు శిక్షణ ముగిసింది, దాని మీద సమీక్షా సమావేశం. ఇరవై మంది చేరారు, పందొమ్మిది మంది పూర్తి చేశారు. మధ్యలో మానేసిన ఆ ఒక్క పిల్ల పేరుకి ఎదురుగా రిజిస్టర్‌లో 'శ్రద్ధ లేదు' అని రాసి ఉంది. సమావేశం అయ్యాక వాళ్లింటికి వెళ్లి అడిగాను. వాళ్లమ్మ చేపలు ఆరబెడుతూ మొహం తిప్పుకుంది. పిల్ల మాత్రం చెప్పింది: "శ్రద్ధ లేక కాదక్కా. ఆ కత్తెర నా చేతికి తెగదు. గుడ్డ మడతపడి మధ్యలో ఇరుక్కుంటది. మేడమ్ ఆ చెయ్యి తియ్యి, ఈ చేత్తో కొయ్యి అంటది. ఈ చేత్తో కోస్తే గీత మీద పోదు. రెండు జాకెట్ గుడ్డలు పాడు చేశానని అందరి ముందరా తిట్టింది. ఇంక పోలేదు."

ఆ పిల్లది ఎడమచేతి వాటం. మన ఊళ్ల మాటలో పుర్రచెయ్యి.

మరుసటి వారం మా కార్యకర్తల మీటింగులో ఈ సంగతి చెప్పాను. ఇరవై ఏళ్లుగా నాతో కలిసి పని చేస్తున్న మిత్రురాలు ఒకామె నవ్వింది. "మనకి గృహహింస కేసులు పేరుకుపోయి ఉన్నాయి, కూలి రేట్ల గొడవ తేలలేదు, ఇప్పుడు ఎడమచేతి కత్తెర గురించి కూడా ఉద్యమం చెయ్యాలా?" అంది. మిగతావాళ్లూ నవ్వారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఈ వ్యాసం ఆ నవ్వుకి జవాబు.

ముందు కత్తెర సంగతి చూద్దాం. మనలో చాలామంది కత్తెరకి కుడీ ఎడమా ఉంటాయని అనుకోరు. కానీ ఉంటాయి. మామూలు కత్తెరని కుడిచేత్తో పట్టుకుని మూస్తే బొటనవేలు బయటికి నెడుతుంది, మిగతా వేళ్లు లోపలికి లాగుతాయి. ఆ ఒత్తిడికి రెండు రెక్కలూ ఒకదానికొకటి ఆనుకుని గుడ్డని కోస్తాయి. అదే కత్తెరని ఎడమచేత్తో పట్టుకుంటే అదే ఒత్తిడి రెక్కలని ఎడం చేస్తుంది. గుడ్డ తెగదు, మధ్యలో మడతపడుతుంది. పైగా పై రెక్క సుద్దగీతని కప్పేస్తుంది. గీత కనపడాలంటే మెడ వంచాలి, మణికట్టు మెలిపెట్టాలి. "తిప్పి పట్టుకోమ్మా" అని సలహా ఇస్తారు. కుడికాలి చెప్పుని ఎన్నిసార్లు తిప్పినా ఎడమకాలి చెప్పు అవుతుందా? కత్తెరా అంతే. పిడులు మార్చితే చాలదు, రెక్కలనే అద్దంలో బొమ్మలా తారుమారు చేసి తయారు చెయ్యాలి. అలాంటి కత్తెరలు ప్రపంచంలో ఉన్నాయి. లండన్‌లో 1960ల చివరి నుంచే ఎడమచేతివాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక దుకాణం నడిచింది. మన శిక్షణ కేంద్రాల సామాన్ల జాబితాలో నేను ఇప్పటివరకూ ఒక్క ఎడమచేతి కత్తెరని చూడలేదు. ఆ పిల్ల చేతకానిది కాదు, ఆమె చేతికి పనిముట్టు ఇవ్వలేదు. రిజిస్టర్‌లో మాత్రం లోపం ఆమె పేరు మీద నమోదయింది.

ఇది నా సొంత గొడవ కూడా అని దాచను. నాదీ పుర్రచెయ్యే. మా నాయన పడవలు కట్టే వడ్రంగి. మైపాడు దగ్గర మా ఇంటి వెనక వేపచెట్టు కిందే ఆయన పనిశాల. సరుగుడు వాసాలు, మామిడి చెక్కలు, తారు డబ్బా, చింకి గోతం మీద వరసగా ఉలులు, బాడిస, చిత్రిక, బర్మా, ఆకురాళ్లు. మా అన్నదమ్ముల్ని పిలిచి పని నేర్పేవాడు. వాళ్లకి ఇష్టం లేదు. నాకు ఇష్టం, నన్ను పిలిచేవాడు కాదు. మేకులు అందించడానికి మాత్రం నేను పనికొచ్చేదాన్ని. పదకొండేళ్లప్పుడు ఆయన లేని సమయంలో ఒకవైపే సాన పట్టిన గొడ్డలి తీసుకుని కట్టె చెక్కబోయాను. ఆ గొడ్డలికి ఒక ముఖం చదును, ఇంకో ముఖం వాలు. కుడిచేత్తో కొడితే చదును ముఖం చెక్క వైపుకి వచ్చి అంచు సాఫీగా దిగుతుంది. ఎడమచేత్తో కొడితే వాలు ముఖం చెక్కకి తగిలి జారుతుంది. జారింది. చెక్కని పట్టుకున్న కుడిచేతి బొటనవేలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అమ్మ పసుపు అద్దుతూ, ఏడుస్తూ అన్న మాట మర్చిపోలేదు: "ఏంది మే, ఆడపిల్లవై గొడ్డలి ముట్టుకోవడమే తప్పు, మళ్లీ ఆ చేత్తోనా?" ఒకే వాక్యంలో రెండు నేరాలు. గొడ్డలికి ఏవైపు సాన పట్టి ఉందని ఇంట్లో ఎవరూ చూడలేదు. నాకూ తట్టలేదు. నా చెయ్యి చెడ్డదని చాలా ఏళ్లు నమ్మాను.

నాయన పోయాక అన్నదమ్ములు ఇల్లూ స్థలం పంచుకున్నారు. (కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కునిచ్చిన సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే అమల్లోకి వచ్చింది. దాని గతి వేరే వ్యాసానికి వదిలేస్తాను.) పనిముట్ల పెట్టె మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా వసారాలో ఒక బల్ల, ఒక వైస్, గోడకి మేకులు కొట్టి తగిలించిన నాయన పనిముట్లు ఉన్నాయి. సెలవుల్లో పీటలు, పుస్తకాల అలమరాలు చేస్తుంటాను. సమాజశాస్త్రంలో డాక్టరేట్ చేసి మూడు దశాబ్దాలు చదివినదానికన్నా ఈ వసారాలో పదేళ్లలో నాకు ఎక్కువ అర్థమయింది అంటే అతిశయోక్తి అనుకోకండి.

అన్ని పనిముట్లూ మన మీద కుట్ర పన్నలేదు, అది ముందే ఒప్పుకోవాలి. సుత్తికి కుడి ఎడమ లేదు. ఉలికి లేదు. శ్రావణానికి లేదు. చిత్రిక కూడా ఏ చేతికైనా లొంగుతుంది. కష్టమంతా మరికొన్నిటితో, అవి పెట్టే పద్ధతితో. ఉదాహరణకి బల్లకి వైస్‌ని ఎడమ కొసన బిగిస్తారు, కుడిచేత్తో రంపం ఆడటానికి అది వీలు. నాకు కుడి కొసన కావాలి. బిగించడానికి వచ్చిన కుర్రాడు రెండుసార్లు అడిగాడు, "మేడమ్, తప్పు చెబుతున్నారేమో చూసుకోండి" అని.

స్క్రూ సంగతి ఇంకా చిత్రం. మోచేతి కింద భాగాన్ని బయటి వైపుకి తిప్పేటప్పుడు మనిషికి బలం ఎక్కువ, లోపలి వైపుకి తిప్పేటప్పుడు తక్కువ. కుడిచేతికి బలమున్న దిశ గడియారం ముల్లు తిరిగే దిశ. ప్రపంచంలోని స్క్రూలన్నీ దాదాపు ఆ దిశలోనే బిగుస్తాయి. ఎడమచేతికి బలమున్న దిశ దానికి వ్యతిరేకం. అంటే నాలాంటివాళ్లకి బిగించడం కష్టం, విప్పడం సులువు! మా ఆయన దీని మీద జోకులు వేస్తాడు. స్క్రూల మరని ఎవరూ మార్చలేరు, మార్చమని నేనూ అడగను. కానీ ఒక అమ్మాయి స్క్రూ బిగించలేక ఆగిపోతే "ఆడవాళ్లకి బలం ఉండదు" అని తీర్మానించే ముందు ఆమె ఏ చేత్తో బిగిస్తోందో చూడండి. కరెంటు డ్రిల్లుంది. మీట నొక్కి ఉంచే బొత్తాం దానికి ఎడమపక్కన ఉంటుంది, కుడిచేతి బొటనవేలికి అందాలని. ఎడమచేత్తో పట్టుకుంటే ఆ బొత్తాం అరచేతి కిందికి వస్తుంది, తెలియకుండా నొక్కుకుంటుంది. మీట వదిలినా డ్రిల్లు ఆగదు. నాకు ఒకసారి చీర కొంగు చుట్టుకుంది. అప్పటినుంచి పనిలో చీర కట్టను, బొత్తాం చూడకుండా స్విచ్ వెయ్యను.

మన వంటింటి పాత పనిముట్లని ఒకసారి గుర్తు చేసుకోండి. కత్తిపీట. కత్తి కదలదు, కోసేది కదులుతుంది, రెండు చేతులూ పని చేస్తాయి. మైపాడు గట్టున చేపలు కోసే ఆడవాళ్లని గంటలు గంటలు చూశాను. ఎవరిది ఏ చేతివాటమో చివరిదాకా తెలియదు. రోకలి ఒక చేయి నొప్పి పుడితే ఇంకో చేతికి మారుతుంది. చేట రెండు చేతులది. కూర్చుని కొబ్బరి కోరే కోరాము ఏ చేతినీ అడగదు, అదే బల్లకి బిగించి పిడి తిప్పే కోరాము కొనండి, పిడి కుడిపక్కకే ఉంటుంది. అందుకని రోలూ రోకళ్ల కాలానికి పోదామని నేను అనడం లేదు, ఆ చాకిరి ఎంత నడుములు విరిచిందో మన అమ్మలకి తెలుసు. ఆడవాళ్లు వాడే పనిముట్లు చాలా వరకూ మనిషి చేతికి ఒదిగేవి, మనిషిని తమకి ఒదగమని అడిగేవి కావు అని మాత్రం చెబుతున్నాను. జీతం వచ్చే పనిముట్ల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. చేతికుట్టు మిషన్ చక్రం, పిడి కుడివైపు. రేకు కోసే కత్తెర కుడిచేతిది. పళ్ల కొడవలికి ఒక ముఖానికే పళ్లు నూరతారు. నాట్లు, కోతల కూలికి పోయే ఎడమచేతి ఆడమనిషి పక్క చాళ్ల వాళ్లతో సమానంగా కొయ్యలేదు. కోసినంతకే కూలి ఇచ్చే చోట అది నేరుగా కడుపు మీద దెబ్బ.

అసలు కుడికి ఈ పెత్తనం ఎక్కడిది? ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త రాబర్ట్ హెర్ట్జ్ 1909లోనే దీని మీద ఒక వ్యాసం రాశాడు. దుర్ఖేమ్ శిష్యుడు, 1915లో యుద్ధంలో చనిపోయాడు. రెండు చేతుల మధ్య శరీరం ఇచ్చిన తేడా చాలా చిన్నది, దాన్ని సమాజం పెంచి పోషించి పవిత్రం-అపవిత్రం అనే గోడగా కట్టింది అన్నది ఆయన వాదన. మావోరీ ప్రజల్లో కుడి మగవైపు, ఎడమ ఆడవైపు అని కూడా చూపించాడు. మనం మావోరీల దాకా పోనక్కర్లేదు. 'వామ' అంటే సంస్కృతంలో ఎడమ, వామ అంటే స్త్రీ కూడా. భార్య కూర్చునేది ఎడమపక్క. అర్ధనారీశ్వరుడిలో ఆడసగం ఎడమ. అంత గొప్పగా చెప్పుకుని, అదే ఇంట్లోకి కోడలు అడుగు పెట్టేటప్పుడు "కుడికాలు ముందు పెట్టమ్మా" అంటాం. అర్జునుడు రెండు చేతులతోనూ బాణాలు వేస్తే సవ్యసాచి అని బిరుదిచ్చాం. ఎడమచేత్తో అన్నం కలిపిన ఆరేళ్ల పిల్లకి మాత్రం చెయ్యి వెనక్కి కట్టేస్తాం. గాంధీ 1909లో ఓడలో 'హింద్ స్వరాజ్' రాస్తూ కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో కొనసాగించాడని మెచ్చుకుంటాం. మగవాడి ఎడమచెయ్యి నైపుణ్యం, ఆడదాని ఎడమచెయ్యి అశుభం.

ఇందులో కులం లేదనుకుంటే పొరపాటు. ఎడమచెయ్యి దేనికి కేటాయించిందో మనకి తెలుసు: కడగడానికి, ఎత్తడానికి, ఇతరులు ముట్టనిదాన్ని ముట్టడానికి. ఎడమచెయ్యి అంటరాని చెయ్యి. దక్షిణాదిలో శతాబ్దాల పాటు కులాలనే కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని విడదీశారు. మద్రాసులో 1652లోనూ 1707లోనూ ఆ రెండు వర్గాలూ వీధుల కోసం, ఊరేగింపుల కోసం కొట్టుకున్నాయి. ఎడమచేతి వర్గంలో ముందు నిలిచినవాళ్లు ఎవరో తెలుసా? వడ్రంగులు, కమ్మరులు, కంసాలులు. అంటే పనిముట్లు చేసేవాళ్లు, పనిముట్లతో బతికేవాళ్లు. వాళ్ల చేతుల్లో తయారైన పనిముట్లు కుడిచేతివి, వాళ్లు మాత్రం ఎడమచేతివాళ్లు! నాయనకి ఈ సంగతి చెప్పి ఉంటే ఎలా నవ్వేవాడో.

"ఎంతమందికి ఈ సమస్య?" అని అడుగుతారు. ఇరవై లక్షల మందికి పైగా మనుషుల వివరాలున్న అధ్యయనాలన్నీ కలిపి 2020లో ఒక పరిశోధక బృందం లెక్క కట్టింది. నూటికి దాదాపు పదిన్నర మంది ఎడమచేతివాళ్లు. మగవాళ్లలో కొంచెం ఎక్కువ, ఆడవాళ్లలో కొంచెం తక్కువ. పది మందితో ఒక పొదుపు సంఘం అనుకుంటే సగటున సంఘానికి ఒకామె. మీ సంఘంలో ఎవరూ కనపడలేదా? కనపడరు. చిన్నప్పుడే చెయ్యి మార్చేసి ఉంటారు.

ఈ కనపడకపోవడం ఎంత మోసం చేస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 1991లో కోరెన్, హాల్పెర్న్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడమచేతివాళ్లు ముందుగా చనిపోతారని ప్రచురించారు. వృద్ధుల్లో ఎడమచేతివాళ్లు చాలా తక్కువ కనపడటం వాళ్ల ఆధారాల్లో ఒకటి. పత్రికలన్నీ రాశాయి. తర్వాత మిగతావాళ్లు తప్పు పట్టుకున్నారు. ఆ వృద్ధుల తరంలో ఎడమచేతి పిల్లలు చచ్చిపోలేదు, వాళ్లని కొట్టి కుడిచేతివాళ్లుగా మార్చారు. చేతులు కనుమరుగయ్యాయి, మనుషులు కాదు. ఆడవాళ్ల పని లెక్కల గురించి ఏళ్ల తరబడి వాదించిన మనకి ఇది కొత్తగా అనిపించకూడదు. రోజుకి పద్నాలుగు గంటలు చాకిరి చేసినామెని జనాభా లెక్కలవాళ్లు 'పని చెయ్యనిది' అని రాసుకుపోతే, ఆమె పని లేకుండా పోయిందా?

ఇక పనిముట్లు పంచే పథకాల సంగతి. 1990ల చివర్లో మన రాష్ట్ర ప్రభుత్వం 'ఆదరణ' అని చేతివృత్తులవాళ్లకి పనిముట్లు పంచింది, 2018లో 'ఆదరణ-2' పెట్టింది. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం 'పీఎం విశ్వకర్మ' మొదలుపెట్టింది. 18 వృత్తులు, అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లకి 15 వేల రూపాయల ఈ-వోచర్. ఆ 18లో వడ్రంగం, పడవల తయారీ, చేపల వలల తయారీ, దర్జీ పని ఉన్నాయి. మన తీరం మొత్తం అందులో ఉన్నట్టే. కానీ రెండు సంగతులు చూడండి. మొదటిది, కుటుంబానికి ఒక్కరికే. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లి కాని పిల్లలు. పడవ కట్టే మొగుడు, వల అల్లే పెళ్లాం ఉన్న ఇంట్లో ఆ ఒక్కరు ఎవరవుతారో చెప్పడానికి సమాజశాస్త్రం చదవక్కర్లేదు. రెండోది, ఇలాంటి పంపిణీల్లో నేను చూసిన దరఖాస్తుల్లో కులం, ఆధార్, బ్యాంకు ఖాతా, సెల్ నంబరు అన్నీ అడిగారు. ఏ చెయ్యి అని ఒక్క చోటా అడగలేదు. పనిముట్టు ఇస్తూ చెయ్యి అడగకపోవడం, చెప్పులు ఇస్తూ కాలి కొలత అడగకపోవడం లాంటిది.

వెనకటి కమ్మరి అడిగేవాడు. ఇది కల్పన కాదు, నా అనుభవం. నాయన గొడ్డలి నా పెట్టెలోకి వచ్చాక దాన్ని పక్క ఊరి కమ్మరి దగ్గరికి తీసుకెళ్లాను. కొలిమి దగ్గర కూర్చున్న పెద్దాయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి మొదట అడిగిన మాట, "ఏ చేతికమ్మా?" నలభై ఏళ్ల జీవితంలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఎడమచేతికి అన్నాను. "అయితే వాలు అటుపక్క తీయాల" అని, వాలు ముఖాన్ని చదును చేసి చదును ముఖానికి వాలు తీసి ఇచ్చాడు. అదనంగా ఒక్క పైసా అడగలేదు. ఇనుముకి కుడి ఎడమ లేదు, రెండింటికీ అవే బొగ్గులు. ఆయన్ని ఆకాశానికి ఎత్తే ముందు రెండో ప్రశ్న కూడా చెప్పాలి: "మీ ఆయనకా?" నాకే అని చెబితే కాసేపు మాట్లాడలేదు. పని అయ్యాక కూడా గొడ్డలి నా చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టాడు. చెయ్యి విషయంలో ఆయనకున్న ఇంగితం ఆడదాని విషయంలో లేదు. టెండర్ పిలిచి ఒకే రకం వేల సామాన్లు కొనే ఆఫీసుకి ఆ మొదటి ఇంగితమూ లేదు, ఆడవాళ్ల పేరుతో పథకం నడుపుతుంది కాబట్టి రెండోది ఉన్నట్టు కనపడుతుంది.

ఉదయగిరి వెళ్లినవాళ్లకి ఇంకో దృశ్యం తెలిసి ఉంటుంది. అది తీరం కాదు, మన జిల్లా పడమటి కొండల ఊరు. అక్కడి చెక్క చెంచాలకి, గరిటెలకి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, ఇళ్లలోనే, వసారాల్లోనే. నేను వెళ్లిన ఇంట్లో ఒకామె ఎడమచేత్తో ఆకురాయి పట్టి చెంచా గుంట నునుపు చేస్తోంది. "ఎడమచేత్తో చేసింది అని తెలిస్తే కొనరేమోనని కొనేవాళ్లు వస్తే చెయ్యి మారుస్తా" అని నవ్వుతూ చెప్పింది. చెంచా చూస్తే ఏ చేత్తో చేసిందో ఎవరూ చెప్పలేరు. వల కూడా అంతే. ఎడమచేతి మనిషి వేసే ముడి అద్దంలో ముడిలా పడుతుంది, పట్టు ఏమీ తగ్గదు, చేపకి తేడా తెలియదు. తేడా తెలిసేది నేర్పేవాళ్లకే, ఎందుకంటే పక్కన కూర్చుని "నాలాగే చెయ్యి" అంటారు కాబట్టి. ఎదురుగా కూర్చుని నేర్పితే ఎడమచేతి పిల్లకి అద్దం చూసినట్టు ఉంటుంది, సగం కష్టం తీరుతుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు, పీట ఇటునుంచి అటు జరపాలి.

ఇంటి పనిశాలకి ఇంకో చిక్కు ఉంది. గాయమైతే ఎవరు చూస్తారు? 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పది మంది, వాడని చోట ఇరవై మంది అని గీత గీసింది. 2020 కోడ్ ఆ గీతని ఇరవైకి, నలభైకి జరిపింది. వసారాలో ఒంటరిగా చెక్క చెక్కే ఆడమనిషి ఏ గీతకీ అందదు. ఇంటి ఆధారిత పనివాళ్ల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది, మన దేశం దాన్ని ఆమోదించలేదు. వేలు తెగితే పసుపు, కుట్లు పడితే సొంత ఖర్చు, పైగా "నీ చెయ్యే అంత" అనే మాట.

ఇప్పుడు నా మిత్రురాలి నవ్వు దగ్గరికి వస్తాను. పెద్ద సమస్యలుండగా చిన్న సమస్యలెందుకు అన్నది ఆమె ప్రశ్న. ఈ మాట మనం ఇంతకుముందు ఎక్కడ విన్నాం? వర్గపోరాటం ఉండగా ఆడవాళ్ల సమస్యలెందుకు అని మనకి చెప్పినవాళ్లని మర్చిపోయామా? 1992లో మన జిల్లాలోనే దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, తాగుడు కుటుంబ విషయం, అదో చిన్న సంగతి అన్న పెద్దమనుషులు లేరా? ఆ 'చిన్న సంగతే' 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. ఎడమచేతి కత్తెర దూబగుంట అవుతుందని నేను అనడం లేదు, నాకు అంత పిచ్చి లేదు. ఏది పెద్దదో ఏది చిన్నదో దెబ్బ తగిలిన మనిషిని అడగకుండా నిర్ణయించే అలవాటు మనకీ అంటుకుంది అంటున్నాను. ఆ పిల్లకి కుట్టు వచ్చి ఉంటే సొంతంగా నెలకి కొంత సంపాదించేది. ఆ డబ్బు లేకపోబట్టి ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఆమెకి పదిహేడేళ్లు. చిన్న సమస్యా?

ఇంకొందరు, ముఖ్యంగా శిక్షకులు, "కుడిచేతికి అలవాటు చేస్తే పోతుంది కదా, మేమందరం అలాగే నేర్చుకున్నాం" అంటారు. నిజమే, చాలామంది నేర్చుకున్నారు. మొగుడి కోపానికి అలవాటు పడ్డవాళ్లూ చాలామంది ఉన్నారు. అలవాటు పడటాన్ని మనం ఏనాడూ పరిష్కారంగా ఒప్పుకోలేదు.

అడగవలసినవి పెద్దవేం కావు. మన సంస్థలు నడిపే కేంద్రాలతోనే మొదలుపెట్టొచ్చు, ప్రభుత్వం దాకా తర్వాత పోదాం. చేరేరోజు దరఖాస్తులో 'ఏ చెయ్యి' అనే గడి పెట్టాలి, ఆ ప్రశ్న అడిగేవాళ్లు తిట్టినట్టు కాకుండా అడగాలి. ప్రతి కుట్టు కేంద్రానికి రెండు ఎడమచేతి కత్తెరలు. వాటి ధర మామూలువాటికన్నా ఎక్కువే, కానీ ప్రారంభోత్సవాల్లో శాలువాలకి పెట్టే ఖర్చుతో వచ్చేస్తాయి. పనిముట్లకి టెండర్ పిలిచినప్పుడు నూటికి పది ఎడమచేతివి ఉండాలన్న షరతు. కొడవళ్లు, కత్తులు స్థానిక కమ్మరుల దగ్గర కొంటే ఆ షరతు కూడా అక్కర్లేదు. కుటుంబానికి ఒక్కరే అన్న నిబంధన మీద మాత్రం కలెక్టర్ ఆఫీసు ముందు కూర్చోవాల్సిందే, అది కుడిచేతి ఆడవాళ్లకీ తగిలే దెబ్బ.

మద్రాసులో ఉన్న స్నేహితురాలి ద్వారా ఒక ఎడమచేతి దర్జీ కత్తెర తెప్పించాను. పోయిన నెల ఆ పిల్లకి ఇచ్చాను. ముందు నమ్మలేదు. పాత లుంగీ ముక్క ఒకటి తెచ్చి, సుద్దతో గీత గీసి, ఒక్క ఊపున చివరిదాకా కోసింది. మళ్లీ గీసి మళ్లీ కోసింది. వాళ్లమ్మ చేపల తట్ట దించి వచ్చి నిలబడింది. కాసేపు చూసి, కత్తెర అడిగి తీసుకుని, ఎడమచేతికి మార్చుకుని, తనూ ఒక ముక్క కోసింది. తల్లిది కూడా పుర్రచెయ్యి అని ఆ ఇంట్లో పదిహేడేళ్లుగా ఎవరికీ తెలియదు.

శిక్షణ కేంద్రం రిజిస్టర్‌లో 'శ్రద్ధ లేదు' అన్న మాట కొట్టేయమని ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.